పాస్టరమ్మ ముఖం

"ఏందమ్మాయ్, మొహం కందగడ్డ చేసుకున్నావ్? నేనేమన్నానని ఇప్పుడు?" అంది అంకమ్మ.

అత్తగారు ఏమీ అనలేదు. కోడలికి కోపమూ రాలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక ఎనభైమంది తినాలి కాబట్టి రేకుల మందిరం వెనక కట్టెల పొయ్యి దగ్గర నిలబడి దయామణి పులిహోరకి తాలింపు పెడుతోంది. ఎండుమిరపకాయలు నూనెలో పడ్డాయి, ఘాటు లేచింది, సెగ కొట్టింది, రెండు చెంపలూ ముక్కూ భగ్గుమన్నాయి. అంతే సంగతి. మూడేళ్ళుగా అంతే. కానీ మనవాళ్ళ లెక్కలో ఆడదాని ముఖం ఎర్రబడితే అయితే కోపం, కాకపోతే సిగ్గు. ఒట్టి మంట కూడా అయి ఉండొచ్చని ఏ మహానుభావుడికీ తోచదు.

"ఏం లేదత్తయ్యా, పొయ్యి సెగ."

"మేమూ కూర్చున్నాంగా సెగ కాడ. మా మొహాలు ఇట్టా అయినయ్యా?"

దయామణి గరిటె తిప్పుతూ భుజంతో చెంప తుడుచుకుంది. కొంగు తగిలినచోటల్లా చర్మం చురుక్కుమంది.

నల్లపాడు అవతల కాలనీలో ఆ మందిరం పెట్టి పన్నెండేళ్ళయింది. అంకమ్మ కొడుకు మార్కు దాని పాస్టరు. మార్కుకి దేవుడి పిలుపు వచ్చింది, దయామణికి మార్కు సంబంధం వచ్చింది. అంతకుముందు ఆమె బి.ఇడి. చేసి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. "సేవకుడి భార్యకి ఉద్యోగమెందుకు, సేవే ఉద్యోగం" అన్నారు పెద్దలు. సరేనంది. ఆ ఉద్యోగానికి కాగితం లేదు, జీతం లేదు, సెలవు మాట అసలే లేదు. చాపలు దులిపేది ఆమె, పాట ఎత్తుకునేది ఆమె, సండే స్కూలు ఆమె, బాలింత ఇంటికి వెళ్ళి కూర్చునేది ఆమె, అయ్యగారి తెల్లచొక్కాకి గంజి పెట్టేది ఆమె. ఇన్ని చేస్తూ ముఖం ప్రశాంతంగా ఉంచుకోవాలి, అదొకటి. పాస్టరమ్మ ముఖం అంటే సంఘానికి సొంతం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మాట అనొచ్చు.

ముఖం ఎర్రబడటం మొదలైన ఏడాదే అందరూ తలా ఒక మాట అన్నారు. "అమ్మగారికి మన మీద చిరాకండీ" అన్నారు కొందరు. మార్కు ఇంటికొచ్చి, "పాట పాడేటప్పుడు కాస్త నవ్వుతూ ఉండు దయా, కోపంగా ఉన్నావని అనుకుంటున్నారు" అన్నాడు. ఆ తర్వాత చెంపల మీద సన్నటి ఎర్రటి నరాలు తేలాయి, ముక్కు మీద పొక్కులు లేచాయి. అప్పుడు ఇంకో మాట పుట్టింది. పాస్టరమ్మ చాటుమాటుగా మందు కొడుతుందేమోనని! చుక్క ఎలా ఉంటుందో ఎరగని మనిషి. ఆ మాట చెవిన పడిన రోజు దయామణి బావి దగ్గర గిన్నెలు తోముతూ తోముతూ ఏడ్చింది. ఏడిస్తే ముఖం ఇంకా ఎర్రబడింది. ఏడవటానికి కూడా వీల్లేని ముఖం ఇచ్చావేం ప్రభువా అనుకుంది.

ఇక వైద్యాలు. ఊళ్ళో నాలుక ఉన్న ప్రతివాళ్ళూ డాక్టర్లే కదా. పసుపు పులమమన్నారు, పులిమింది. నిమ్మకాయ రుద్దమన్నారు, రుద్దింది, రాత్రంతా నిద్ర లేదు. సున్నిపిండితో గట్టిగా తోమితే పాచి చర్మం పోతుందంటే తోలు లేచిపోయేలా తోముకుంది. సంఘంలోనే పార్లర్ నడిపే జాస్మిన్ ప్రేమకొద్దీ, "రండమ్మగారూ, మీకు ఊరికే చేస్తాను" అని కూర్చోబెట్టి ముఖానికి ఆవిరి పట్టి, స్క్రబ్బు రుద్ది, పైన బ్లీచ్ వేసింది. పాపం, ఆ పిల్లకి ఉన్న విద్య అంతా వాడింది. మూడు రోజులు దయామణి కళ్ళు తెరవలేకపోయింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఆఖరికి ఒకరోజు మెడికల్ షాపు ముందు ఆగి కొంగు కాస్త తొలగించి ముఖం చూపించింది. షాపతను పేరైనా అడక్కుండా ఒక ట్యూబు తీసి, "ఇది రాయండమ్మా, వారంలో తెల్లగా వస్తారు" అన్నాడు. నిజంగానే వారంలో ఎరుపు పోయింది. పది రోజులకి చెంపలు నున్నగా, చిన్నప్పటి ముఖంలా వచ్చాయి. అద్దంలో చూసుకుని నవ్వుకుంది, ఇది నేనే అనుకుంది. ఎంత సంతోషపడిందో చెప్పలేను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మార్కు ప్రతి శుక్రవారం ఆమె నుదుటికీ చెంపలకీ ప్రార్థన నూనె రాస్తున్నాడు. తెల్లవారుజామున లేచి ఆమె కోసం మోకాళ్ళ మీద ఏడుస్తుంటే పక్కగదిలోంచి ఆమె విన్నది కూడా. అక్కడే చిక్కొచ్చింది. మార్కు దొంగ అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. కానీ అతను నమ్మాడు. నమ్మి, ఇంట్లో ఆమెని ఒక్క మాటైనా అడక్కుండా, ఆదివారం మైకులో, "నా భార్య ముఖాన్ని దేవుడు ముట్టాడు! దయామణీ, లేచి సాక్ష్యం చెప్పు!" అన్నాడు. రెండొందలమంది తలలు తిప్పారు. ట్యూబు సంగతి గొంతుదాకా వచ్చింది. లేచి నిలబడి, "దేవునికి స్తోత్రం" అని కూర్చుంది. చప్పట్లు మోగాయి. ఆ రెండు మాటల్లో అబద్ధం ఏముంది అని తనకి తాను ఎన్నిసార్లు సర్ది చెప్పుకుందో!

నెల తిరిగేసరికి రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. ఎడమవైపు దయామణి ఎర్రటి ముఖం, 'ముందు' అని. కుడివైపు తెల్లటి ముఖం, 'తరువాత' అని. ఆ ఎర్రటి ఫోటో ఎప్పుడు తీశారో కూడా ఆమెకి తెలియదు. లారీలవాళ్ళు, మిరప యార్డుకి పోయే ఆటోలవాళ్ళు, అందరూ చూసుకుంటూ పోయేవాళ్ళు. ఆడవాళ్ళు సీసాలు పట్టుకుని నూనె కోసం రావడం మొదలుపెట్టారు. సీసాల్లో నూనె పోసిచ్చే పని కూడా, ఇంకెవరిది, ఆమెదే.

నాలుగు నెలలు రాసింది ఆ ట్యూబు. ఒకసారి షాపులో దొరక్క పది రోజులు మానేసిందో లేదో, ముఖం పగబట్టినట్టు తిరగబడింది. ఇదివరకటి ఎరుపుకి రెట్టింపు, దానిమీద చీము పొక్కులు. కొరివితో తల గోక్కున్నానని అప్పటికి అర్థమైంది. పుట్టింటికి వెళ్తున్నానని చెప్పి గుంటూరు అరండల్‌పేటలో చర్మ డాక్టరు సాజిదా దగ్గరికి వెళ్ళింది. సంచిలో ఖాళీ ట్యూబు పెట్టుకుని మరీ వెళ్ళింది.

సాజిదా ముఖాన్ని భూతద్దంలో చూసి, ట్యూబు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "మంటగా ఉంటుందా అమ్మా?"

దయామణికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మూడేళ్ళుగా తన ముఖం ఎలా కనపడుతోందో లోకమంతా చెప్పింది. ఎలా ఉందో మాత్రం ఒక్కరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా అడగలేదు. ఆ తల్లి ఎవరో, ఏ మతమో, పది నిమిషాల పరిచయం, అడిగింది.

"ఉంటుందండీ. ఎప్పుడూ ఉంటుంది."

"దీన్ని రొజేషియా అంటారు. మన రంగువాళ్ళకి రాదనుకుంటారు గానీ వస్తుంది. మీరు చేసిన తప్పు కాదు. పూర్తిగా పోతుందని నేను అబద్ధం చెప్పను, అదుపులో ఉంటుంది. కానీ ఈ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. రాసినన్నాళ్ళు అణిచిపెడుతుంది, మానగానే లేస్తుంది. మళ్ళీ రాశారంటే చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోతుంది."

కాగితం మీద రాస్తూనే చెప్పుకుపోయింది. వాసనలు లేని మెత్తటి ఫేస్‌వాష్ చాలట, తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దుకోవాలట. జింక్ ఉన్న సన్‌స్క్రీన్ రాయకుండా ఎండలోకి పోవద్దట. ఏ కొత్త క్రీమైనా ముందు దవడ కింద కాస్త రాసి నాలుగు రోజులు చూశాకే ముఖానికి రాయాలట. "ఫేషియల్ చేయించుకోవాలని సరదా ఉంటే చేయించుకోండి, కాదనను. ఆవిరి, స్క్రబ్బు, బ్లీచ్, గట్టి మసాజు ఈ నాలుగూ వద్దని ముందే చెప్పండి. చల్లటి గుడ్డ వేసి మెత్తటి క్రీము రాస్తే చాలు. నిమ్మకాయ ఇంట్లోదే కదా అని రుద్దకండి, చర్మానికి ఇల్లూ బజారూ తేడా తెలియదు. ఇంకా, పొయ్యి సెగ తగ్గించుకోండి."

"కుదరదండీ. శుక్రవారం ఎనభైమందికి వండాలి."

సాజిదా పెన్ను ఆపింది. "హోటలా?"

"లేదండీ. హౌస్‌వైఫ్‌ని."

డాక్టరు నవ్వబోయి మానేసింది.

ఆ జెల్లూ మాత్రలూ తెచ్చుకుని బియ్యం డబ్బా వెనక దాచింది దయామణి. మంచి మందు నెమ్మది, మూడు వారాలకి పొక్కులు తగ్గాయి గానీ ఎరుపు అలాగే ఉంది. మందిరానికి వెళ్ళేటప్పుడు పౌడరు అద్ది, కొంగు చెంపలదాకా లాక్కునేది. జాస్మిన్‌ని పిలిచి ఆవిరి, స్క్రబ్బు లాంటి ఆ నాలుగూ ఎవరికి పడవో చెప్పింది. జాస్మిన్ నోరు తెరిచి, "అయ్యో, ఇంకెంతమందికి చేశానో అమ్మగారూ" అంది. ఈలోగా వార్షిక కూటాలు దగ్గరపడ్డాయి. మూడు రోజుల సభలు, వేటపాలెం నుంచి కూడా వ్యాన్లో విశ్వాసులు వస్తారు. ఆదివారం పొద్దున ఆఖరి సభలో దయామణి సాక్ష్యం అని కరపత్రంలో అచ్చేశారు. ఈసారి కూడా ఆమెని అడగలేదు.

ఒక మధ్యాహ్నం మార్కు చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె చెప్పేసింది. ట్యూబు సంగతి, డాక్టరు సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ ఇస్త్రీపెట్టె ఆపలేదు. ఆపితే చెప్పలేనని భయం.

మార్కు మంచం మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. "నాకెందుకు చెప్పలేదు దయా?"

"మీరు నన్ను అడగలేదు. మైకులో చెప్పేశారు."

పాపం, అతనికీ బాధే. తన ప్రార్థన ఫలించిందన్న ఒక్క ఆనందం, అదీ పోయింది. ఆమెకి జాలేసింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. అప్పుడన్నాడు.

"ఈ మూడు రోజులకీ ఆ ట్యూబే రాసుకో. కూటాలు అయిపోనీ. ఆ తర్వాత మెల్లగా మానేద్దువు. సంఘం చెదిరిపోతుంది దయా. అమ్మ రెక్కల కష్టం ఈ మందిరం. వాళ్ళ నమ్మకం పోతుంది."

"దేవుడి మీద నమ్మకమా, మన మీదా?"

"రెండూ ఒకటే జనానికి," అన్నాడు మార్కు. వసారాలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న అంకమ్మ చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

మర్నాడు అద్దం దగ్గర కొత్త ట్యూబు ఉంది. అతనే కొనుక్కొచ్చాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో మార్కు ఆమె కోసం అడక్కుండా కొనుక్కొచ్చిన వస్తువు అదొక్కటే. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బుధవారం గడిచింది, గురువారం వచ్చింది. అద్దంలో ముఖం ఎర్రగానే ఉంది. ఆదివారం రెండొందలమంది కాదు, ఆరొందలమంది. అందరూ ఫ్లెక్సీ చూసి వచ్చేవాళ్ళే. మూడు రోజులే కదా, నాలుగు నెలలు రాసినదాన్ని, మూడు రోజులకి చచ్చిపోతానా? అతను అన్నదీ నిజమే, అత్తయ్య చెమటతో లేచిన రేకులివి. నా ఒక్కదాని ముఖం కోసం ఇంతమందిని బజార్న పడెయ్యనా? ఆడదానికి ఇలాంటి వాదనలు ఎవరూ నేర్పక్కర్లేదు, కడుపులోంచే పుట్టుకొస్తాయి. మూత తీసింది. వేలి మీద కాస్త క్రీము తీసుకుంది కూడా.

"అమ్మగారూ, ఉన్నారా?"

వాకిట్లో వెంకటేశ్వరమ్మ. వాళ్ళాయన వెంకయ్యకి నాలుగెకరాల మిరప తోట. వాళ్ళు సంఘంవాళ్ళు కాదు, ఏ దేవుడైనా దేవుడేనని వచ్చే మనిషి. వెంట కూతురు శ్రీరమ్య, డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్ల చున్నీతో ముఖం కప్పుకుంది.

"నూనె అయిపోయిందమ్మగారూ, ఇంకో సీసా పోయండి. పిల్లకి తగ్గటం లా. నాలుగు శుక్రవారాలకి మీకు తగ్గిందంట గదా, మా పిల్లకి ఎన్ని పడతయ్యో."

"ఏదీ, చున్నీ తియ్యమ్మా," అంది దయామణి, తన కొంగు చెంపల మీదికి లాక్కుంటూ.

తీసింది. దయామణి దగ్గరికి వంగి చూసింది. అచ్చం తన చెంపలే, తన ముక్కే. పైగా కనురెప్పలు వాచి, కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. వెలుతురు పడగానే ఆ పిల్ల కళ్ళు మూసేసుకుంది.

"కళ్ళల్లో ఇసక పోసినట్టుంటదండీ. చదవలేకపోతన్నా," అంది శ్రీరమ్య.

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపించాం. మాత్రలు, చుక్కల మందు ఇచ్చాడు. అయ్యన్నీ ఆపేశానమ్మగారూ," అంది వెంకటేశ్వరమ్మ, మెప్పు కోసం చూస్తూ. "మందులేస్తా నూనె రాస్తే నమ్మకం లేనట్టు గదా. రోడ్డు మీద మీ బొమ్మ చూశాకనే ఆపేశా."

దయామణి వేలి మీద క్రీము ఇంకా అలాగే ఉంది. తువాలుకి తుడిచేసింది. నోరు తెరిచి అక్కడే చెప్పేయొచ్చు. "ముందు ఆ మందులు మళ్ళీ వెయ్యండి, ఈ రోజే వెయ్యండి" అంది. "అట్టాగేలే అమ్మగారూ, కూటాలు అవనియ్యండి, మీ సాక్ష్యం వినే ఏస్తా" అని వెంకటేశ్వరమ్మ నవ్వుతూ సీసా అందించింది. ఫ్లెక్సీ మీద ఉన్న దయామణిని నమ్మినంతగా ఎదురుగా ఉన్న దయామణిని నమ్మలేదు ఆవిడ.

కూటాల మొదటి రెండు రోజులూ దయామణి వంటల దగ్గరే ఉండిపోయింది. ఆదివారం పొద్దున మామూలు నీళ్ళతో ముఖం కడుక్కుంది. జెల్ రాసింది, సన్‌స్క్రీన్ రాసింది. పౌడరు ముట్టుకోలేదు. మార్కు అద్దంలోంచి చూశాడు. చొక్కా గుండీ అతని వేళ్ళకి చిక్కకపోతే ఆమే పెట్టింది.

షామియానా నిండిపోయింది. ఆడవాళ్ళు చాపల మీద కొంగులు కప్పుకుని ఎడంవైపు కూర్చున్నారు. ఎండ, జనం, మైకుల హోరు. వేదిక ఎక్కేసరికి దయామణి ముఖం మండి ఎర్రటి పండయింది. ముందు వరసలోవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. కింద వెంకటేశ్వరమ్మ పక్కన చున్నీ లాక్కుని కూర్చున్న పిల్లని చూసింది. ఆ పిల్లనే చూస్తూ మొదలుపెట్టింది.

"అందరికీ వందనాలు. నా ముఖం తగ్గలేదు. మీకు కనపడుతూనే ఉంది. నాకు రొజేషియా అనే జబ్బుంది. అప్పుడు తగ్గింది నూనెతో కాదు. మెడికల్ షాపులో ట్యూబు కొని రాసుకున్నాను. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. అయ్యగారికి కూడా తెలియదు. తప్పు నాది. ఆ ట్యూబు వల్ల నా ముఖం ఇంకా పాడైంది. ఇప్పుడు డాక్టరు దగ్గర మందు వాడుతున్నాను. మీలో ఎవరైనా నన్ను చూసి మందులు ఆపేసి ఉంటే..."

షామియానా అంతా గగ్గోలెత్తింది. ఎవరో "ఏందిది అయ్యగారూ?" అని అరిచారు. మగవాళ్ళ వైపు ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. మార్కు గబగబా వచ్చి ఆమె చేతిలో మైకు మీద చెయ్యి వేశాడు. "సహోదరి ఒంట్లో బాలేదు. ప్రార్థన చేద్దాం, అందరూ కళ్ళు మూసుకోండి."

ఆమె మైకు వదల్లేదు, లాక్కోనూలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్ మార్కూ!"

అంకమ్మ. ఆడవాళ్ళ మధ్యలోంచి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు.

"మైకు దానికియ్యి. ముప్పయ్యేళ్ళు యార్డులో మిరపకాయల తొడిమలు తీశారా నేను. చేతులు బొబ్బలెక్కి మండుతుంటే మీ నాయనకి చెప్పలా, నీకు చెప్పలా. అన్నానికి కూర్చుంటే ముద్ద కలిపేదానికి లేక ఏడ్చినా. అడిగినోడు లేడు. ఇది ఇయ్యాల చెబతంది. దాన్నన్నా చెప్పనియ్యిరా."

మార్కు తల్లిని చూశాడు. భార్యని చూశాడు. ఇంత దగ్గరగా ఆ ముఖాన్ని అతను చూసి ఎన్నాళ్ళయిందో. చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.

దయామణి మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. "దేవుడున్నాడని చెప్పడానికి నా ముఖం అక్కర్లేదండీ. ఆయన ఉన్నాడు. నన్ను చూసి ఎవరూ మందులు ఆపొద్దు. నా బొమ్మ నన్ను అడక్కుండా ఇంకెక్కడా పెట్టొద్దు. ఇదే నా సాక్ష్యం."

చప్పట్లు లేవు. వెనక వరసలో కొందరు చాప చుట్టుకుని వెళ్ళిపోయారు. వ్యాన్లో వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వచ్చే ఆదివారానికి ఎంతమంది మిగులుతారో, ఇంటికెళ్ళాక మార్కు ఏమంటాడో ఆమెకి తెలియదు. ఆడవాళ్ళలో ఒకామె కొంగు చాటున ఏడుస్తోంది. ఇంకొకామె పక్కావిడ చెవిలో, "నేనూ అదే ట్యూబు రాత్తన్నానే" అంటోంది.

అప్పుడు వెంకటేశ్వరమ్మ లేచింది. అంతమందిలో, సభ అని కూడా చూడకుండా, కూరగాయల బండి దగ్గర బేరమాడినట్టు గట్టిగా అడిగింది.

"అయితే అమ్మగారూ, ఆ డాక్టరమ్మ ఏ రోజు ఉంటది? మా పిల్ల కళ్ళు ముందు."

"రేపు ఉంటారు," అంది దయామణి మైకులోనే. "పొద్దున ఏడింటికి బయల్దేరదాం. నేనూ వస్తాను."